విచారణ ఫైళ్ల స్కానింగ్ బయటి సంస్థకు ఇచ్చారు: ఏ కాగితం కార్యాలయ గడప దాటవచ్చు?

ప్రశ్న: లక్డీకాపూల్ పర్యవేక్షకుడు

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులోని ఒక శాఖాధిపతి కార్యాలయంలో, శాఖాపరమైన విచారణలు చూసే సెక్షనులో పర్యవేక్షకుడిగా పనిచేస్తున్నాను. మా రికార్డు గదిలో సుమారు 1,400 విచారణ ఫైళ్లు ఉన్నాయి. కొన్ని ఏనాడో ముగిసి ఆర్.డిస్., డి.డిస్. (ముగిసిన ఫైలును ఏ తరగతి కింద భద్రపరచాలో తెలిపే) ముద్రలు వేసుకుని బస్తాలలో ఉన్నవి. కొన్ని ఇప్పటికీ నడుస్తున్నవి. మరికొన్నింటిలో పోలీసు శాఖకు, అవినీతి నిరోధక శాఖకు మేము పంపిన నివేదికల నకళ్లు, అక్కడి నుంచి వచ్చిన రహస్య లేఖలు ఉన్నాయి. గత సంవత్సరం టెండరు పిలిచి, అతి తక్కువ ధర వేసిన సంస్థకు ఈ ఫైళ్లన్నింటినీ స్కాన్ చేసి, సూచిక తయారుచేసి ఇచ్చే పనిని అప్పగించారు. ఒప్పందపత్రంలో పేజీ ధర, గడువు, ఆలస్యానికి జరిమానా ఎంతో వివరంగా ఉన్నాయి. గోప్యత గురించి మాత్రం ఉన్నది ఒకే వాక్యం: "సంస్థ సమాచార గోప్యతను పాటించవలెను."

నేను ఈ సెక్షనుకు బదిలీపై వచ్చేసరికి, "నమూనా పని" అనే పేరుతో 60 ఫైళ్లు ఒక ఆటోలో ఆ సంస్థ గోదాముకు వెళ్లిపోయి ఉన్నాయి. పంపినప్పుడు ఫైలు నంబర్ల జాబితా రాసుకున్నారు గాని, ఒక్కొక్క ఫైలులో ఎన్ని పుటలున్నాయో ఎవరూ రాసుకోలేదు. పెద్ద యంత్రాలు తమ గోదాములోనే ఉన్నాయనీ, మిగిలిన ఫైళ్లను కూడా అక్కడికే పంపితే నాలుగు నెలలలో ముగిస్తామనీ సంస్థ ప్రతినిధి అంటున్నారు. స్కాన్ చేసిన ప్రతులను తమ క్లౌడ్‌లో ఉంచి మాకు లాగిన్ ఇస్తామని కూడా చెబుతున్నారు. ఇది చాలదన్నట్లు, ఒక విచారణలో సాక్షుల వాంగ్మూలాల ఆడియోను అక్షరబద్ధం చేయించడానికి మా వాళ్లే ఒక ప్రైవేటు టైపిస్టుకు పెన్‌డ్రైవులో ఇచ్చారని నిన్న తెలిసింది.

నా సందేహాలు ఇవి. ఫైళ్లు కార్యాలయం బయటికి వెళ్లడం అసలు సరైనదేనా? ఇప్పటికే సంతకాలు అయిపోయిన ఒప్పందానికి ఏమి జోడించగలం? వెళ్లిపోయిన 60 ఫైళ్ల విషయంలో ఇప్పుడు చేయవలసిందేమిటి? పై అధికారికి నోట్ పెట్టాలనుకుంటున్నాను, కనుక అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు: తార్నాక విశ్రాంత ఉద్యోగి

పర్యవేక్షకుడు గారూ, ముప్పై ఏళ్లకు పైగా రికార్డుల మధ్యనే గడిపినవాడిగా చెబుతున్నాను, యంత్రం ఫైలు దగ్గరికి రావాలి గాని ఫైలు యంత్రం దగ్గరికి పోకూడదు. స్కానర్లు మోయలేనంత బరువైనవేమీ కావు. మీ కార్యాలయంలో తాళం వేయగల ఒక గది, రెండు బల్లలు, సరైన కరెంటు కనెక్షను ఇస్తే ఏ సంస్థ అయినా అక్కడే పని చేయగలదు. గోదాములో చేస్తామనడానికి అసలు కారణం, అదే మనుషులను ఒకేసారి నాలుగు పనుల మీద తిప్పుకోవచ్చుననే లెక్క మాత్రమే. ఆ లెక్క వారికి లాభం, మీకు కాదు.

అయితే 1,400 ఫైళ్లనూ ఒకే గాటన కట్టి నోట్ పెట్టకండి. ముందుగా మీ సెక్షను వారే కూర్చుని వాటిని విడదీయాలి. పూర్తిగా ముగిసి, శిక్ష లేదా విముక్తి ఉత్తర్వు వెలువడి, అప్పీలు గడువు కూడా దాటిన ఫైళ్లు ఒక వైపు పెట్టండి. నడుస్తున్నవి ఇంకో వైపు. ఫిర్యాదు చేసిన మహిళల పేర్లు, సమాచారం ఇచ్చినవారి వివరాలు, వేరే దర్యాప్తు సంస్థల నుంచి వచ్చిన రహస్య లేఖలు ఉన్నవి మాత్రం బయటివారి చేతికి ఇవ్వనే వద్దు. అవి ఎన్ని ఉంటాయి, వందా, నూట యాభైయా? మీ రికార్డు అసిస్టెంటు, ఒక టైపిస్టు కలిసి ఒక చిన్న స్కానరు మీద నెలన్నరలో ముగించగలరు. అందరూ కష్టపడి టెండరు షరతులు రాస్తారు గాని, ఈ వేరుచేసే పని చేయరు, ఎందుకంటే అది విసుగు పుట్టించే పని, పైగా ఫైలు తెరిచి చదవాలి.

రెండవ సంగతి పుటల నంబర్లు. స్కానింగుకు ఇచ్చే ముందు కరెంటు ఫైలుకూ (వచ్చిన, పంపిన కాగితాలు) నోటు ఫైలుకూ (కార్యాలయంలో రాసిన అభిప్రాయాలు, ఉత్తర్వులు) విడివిడిగా, ప్రతి కాగితానికీ సిరాతో నంబరు వేయించండి. వెనుక వైపు రాత ఉన్న కాగితాలను, అతికించిన చీటీలను, కవర్లలో ఉన్న ఫొటోలను కూడా లెక్కలోకి తీసుకోండి. "కరెంటు ఫైలు 1 నుంచి 212 వరకు, నోటు ఫైలు 1 నుంచి 38 వరకు, ఒక కవరులో 4 ఫొటోలు" అని మొదటి అట్ట లోపల రాసి, ఇచ్చినవారు, తీసుకున్నవారు ఇద్దరూ సంతకం చేయాలి. సాయంత్రం తిరిగి వచ్చినప్పుడు అదే లెక్క మళ్లీ చూడాలి. ట్యాగు విప్పిన ఫైలు మళ్లీ ట్యాగు కట్టకుండా రాత్రి ఆ గదిలో ఉండకూడదు.

2014లో రాష్ట్ర విభజన సమయంలో ఫైళ్ల పంపకం జరిగినప్పుడు మా సెక్షనులో ఈ పాఠం నాకు బాగా తెలిసివచ్చింది. ఏ ఫైలు ఎటు వెళ్లాలన్న దాని మీద పెద్ద పెద్ద చర్చలు జరిగాయి, జాబితాలు తయారయ్యాయి. కాని ఆ తరువాత రెండేళ్లపాటు వచ్చిన ఉత్తరాలన్నీ "ఫైలు అందినది, అందులో ఫలానా అనుబంధం లేదు" అనేవే. ఆ అనుబంధం బయలుదేరినప్పుడు ఉన్నదో లేదో చెప్పగలిగిన కాగితం మా వద్ద లేదు, వారి వద్దా లేదు. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ దాచలేదు. అయినా ఇద్దరూ అనుమానపు చూపులు భరించవలసి వచ్చింది.

ఇక కార్యాలయం ఎదుట ఉండే జిరాక్సు దుకాణాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. క్లౌడ్ గురించి భయపడే మన కార్యాలయాలలోనే, మెషీన్ చెడిపోయిందని అభియోగపత్రాన్ని అటెండరు చేతికిచ్చి రోడ్డు దాటించడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. సరిగా రాని ప్రతి ఆ దుకాణపు చెత్తబుట్టలోనే ఉండిపోతుంది. మీ నోట్‌లో దీనికీ ఒక వాక్యం కేటాయించండి.

జవాబు: నాంపల్లి న్యాయవాది

పై సలహాతో ఏకీభవిస్తూ, చట్టం వైపు నుంచి కొన్ని విషయాలు చెబుతాను.

సంస్థ వారికి మొదట తెలియజేయవలసినది, అధికార రహస్యాల చట్టం, 1923 ప్రభుత్వ ఉద్యోగులకే పరిమితం కాదన్న సంగతి. దాని 5వ సెక్షను, ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నవారిని, ఆ ఒప్పందం మూలంగా రహస్య పత్రం చేతికి వచ్చినవారిని కూడా పేర్కొంటుంది. ప్రతి ఆఫీసు కాగితమూ ఆ చట్టం కిందికి రాదు, కనుక దానినే బెదిరింపుగా వాడడం సరికాదు. మీ ఫైళ్లకు నిత్యం పనికివచ్చేది సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 72ఎ సెక్షను. ఒప్పందం ప్రకారం సేవలు అందిస్తూ చేతికి వచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని, నష్టం కలుగుతుందని తెలిసి, ఆ ఒప్పందాన్ని ఉల్లంఘించి బయటపెడితే మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఇక్కడ "ఒప్పందాన్ని ఉల్లంఘించి" అనే మాట ముఖ్యం. మీ ఒప్పందంలో ఏది నిషేధమో రాసి లేకపోతే, ఏది ఉల్లంఘనో రుజువు చేయడం కష్టమవుతుంది. ఆ ఒక్క వాక్యపు గోప్యత నిబంధన మిమ్మల్ని ఇరకాటంలో పెట్టేది ఇక్కడే.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 గురించి ఒక అపోహ ఉంది. దర్యాప్తులకు 17వ సెక్షను కింద మినహాయింపు ఉన్నది కాబట్టి ఆ చట్టంతో మనకు పనిలేదని చాలామంది అధికారులు అనుకుంటారు. మినహాయింపు ఉన్నమాట నిజమే, కాని 8వ సెక్షనులోని 1, 5 ఉపసెక్షన్లను ఆ మినహాయింపు నుంచి తీసివేశారు. అంటే, పనిని బయటి సంస్థకు అప్పగించినా చట్టాన్ని పాటించే బాధ్యత అప్పగించిన వారిదే. సమాచారం లీకు కాకుండా తగిన రక్షణ ఏర్పాట్లు చేసే బాధ్యత కూడా వారిదే. ఆ రక్షణలో విఫలమైతే విధించగల జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉంది. నియమావళి 2025 నవంబరులో వెలువడింది; ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల వ్యవధి ఇచ్చారు. ఆ వ్యవధిని ఒప్పందాలు సరిదిద్దుకోవడానికి వాడుకోవాలి గాని, వేచి చూడడానికి కాదు.

మీది శాఖాపరమైన విచారణల సెక్షను కాబట్టి ఇంకొకటి చెప్పాలి. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నివారణ చట్టం, 2013లోని 16వ సెక్షను, ఫిర్యాదులోని విషయాన్ని, బాధితురాలి, ప్రతివాది, సాక్షుల వివరాలను, విచారణ సంగతులను ప్రజలకు గాని పత్రికలకు గాని తెలియనివ్వరాదని, సమాచార హక్కు చట్టం సైతం దీనికి అడ్డు కాదని చెబుతుంది. రోజుకూలి మీద వచ్చిన స్కానింగ్ ఆపరేటరు ఆ ఫైలు తిప్పుతూ తన ఫోనులో ఒక ఫొటో తీసుకుంటే చాలు, ఆ రక్షణ అంతా అక్కడితో సరి. పోలీసు కేసు డైరీ భాగాలు మీ ఫైళ్లలో ఉంటే అవి మరింత సున్నితమైనవి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 192వ సెక్షను ప్రకారం నిందితుడికే ఆ డైరీని తెప్పించుకునే హక్కు లేదు. నిందితుడు చూడలేని దానిని గోదాములోని గుమాస్తా ఎందుకు చూడాలి?

సమాచార హక్కు దరఖాస్తుల విషయం కూడా మరువవద్దు. ఫైలు సంస్థ గోదాములో ఉన్నంత మాత్రాన అది మీ అధీనం నుంచి తప్పిపోదు. ఆ చట్టం ప్రభుత్వ సంస్థ నియంత్రణలో ఉన్న సమాచారాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. "ఫైలు స్కానింగుకు వెళ్లినది" అన్న జవాబుతో 30 రోజుల గడువు ఆగదు. అలాగే దర్యాప్తుకు ఆటంకమయ్యే సమాచారాన్ని మినహాయించే, అదే చట్టంలోని 8(1)(హెచ్) కింద నిరాకరించదలచినప్పుడు, దర్యాప్తు నడుస్తున్నది అన్న ఒక్క మాట చాలదనీ, ఆ సమాచారం బయటపడితే దర్యాప్తుకు ఏ విధంగా ఆటంకమో చూపాలనీ ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ కేసులో చెప్పింది. ఫైలు చూడకుండా ఆ కారణం రాయలేరు, ఫైలేమో గోదాములో ఉంటుంది.

చివరగా, స్కాన్ అయిపోయిందని అసలు కాగితాలను తీసివేయనివ్వకండి. స్కాన్ ప్రతిని కోర్టులో వాడవలసి వస్తే పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం కావాలి. దానిలో ఒక భాగం పత్రాన్ని దాఖలు చేసేవారు, ఇంకొక భాగం నిపుణుడు పూరించాలి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, డిజిటల్ వేలిముద్ర వంటి సంకేతం) కూడా రాయాలి. స్కాన్ చేసిన కంప్యూటరు బాధ్యత చూసినవారిగా దాని మీద సంతకం చేయవలసినవారు రేపు ఆ సంస్థ మాజీ ఉద్యోగి అయితే, మీరు ఆయనను ఎక్కడ వెతుకుతారు?

జవాబు: మాదాపూర్ సాంకేతికుడు

నేను ఇటువంటి స్కానింగ్ పనులు చేసే ఒక సంస్థలో పనిచేశాను, కనుక ఎదుటి పక్షం నుంచి మాట్లాడుతున్నాననుకోండి. పేజీకి పైసల లెక్కన ధర వేసి పని గెలుచుకున్న సంస్థ, మీరు అడగని రక్షణను తన ఖర్చుతో కల్పించదు. మీరు అడిగితే కల్పిస్తుంది, ధర కొంత పెరుగుతుంది. ఈ నిజాన్ని మీ నోట్‌లో ముందే ఒప్పుకుంటే పై అధికారికి నిర్ణయం సులువవుతుంది.

మీ గదిలోనే పని జరిగేటట్లయితే, స్కానరుకు అమర్చిన కంప్యూటర్లకు ఇంటర్నెట్ ఉండకూడదు, వైఫై కార్డు కూడా తీయించాలి, యూఎస్‌బీ పోర్టులు మూయించాలి. ఆపరేటర్లు ఫోన్లు బయట పెట్టెలో పెట్టి లోపలికి రావాలి. ఒక్కొక్కరికి వేరే లాగిన్ ఉండాలి; "స్కాన్1, స్కాన్2" అనే ఉమ్మడి లాగిన్లతో ఎవరు ఏ ఫైలు తెరిచారో ఎన్నటికీ తేలదు. స్కాన్ ప్రతులు చేరే డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి, దాని తాళపు పదం మీ కార్యాలయం చేతిలోనే ఉంచుకోవాలి. ప్రతి ఫైలు స్కాన్ పూర్తికాగానే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీసి, మీ రిజిస్టరులో అదే రోజు నమోదు చేయించండి. న్యాయవాది గారు చెప్పిన ధ్రువపత్రానికి తరువాత అదే ఆధారం అవుతుంది.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటి చెబుతాను. బొమ్మలోని అక్షరాలను గుర్తించి వెతకడానికి వీలుగా మార్చే పనిని ఆ సంస్థ ఏ సాఫ్ట్‌వేరుతో చేస్తుంది? తెలుగు చేతిరాతకు, పాత టైపు అక్షరాలకు మామూలు సాఫ్ట్‌వేరు సరిగా పనిచేయదు కాబట్టి, చాలామంది ప్రతి పుట బొమ్మనూ ఏదో ఒక ఆన్‌లైను సేవకు పంపి ఫలితం తెప్పించుకుంటారు. అంటే మీ గదికి తాళం వేసినా, సాక్షి వాంగ్మూలం ఇంటర్నెట్ గుండా పరాయి సర్వరుకు వెళ్లి వస్తుంది. ఆడియోను అక్షరబద్ధం చేసే ఉచిత సేవల విషయమూ ఇంతే. మీ టైపిస్టు గారు చెవితో విని టైపు చేశారా, ఏదైనా వెబ్‌సైటులో ఎక్కించారా అన్నది ఈరోజే అడగండి. పెన్‌డ్రైవు తిరిగి తీసుకున్నంత మాత్రాన సరిపోదు.

అద్దె యంత్రాల సంగతి కూడా చూడండి. పెద్ద ఫొటోకాపీ యంత్రాలలో చాలావాటిలో హార్డ్‌డిస్కు ఉంటుంది, ప్రతి పుట బొమ్మా అందులో కొంతకాలం మిగిలి ఉండవచ్చు. పని ముగిసి యంత్రం తిరిగి వెళ్లేటప్పుడు ఆ డిస్కు మీ వద్ద ఉండిపోవాలని ఒప్పందంలో రాయండి. ఎస్‌ఎస్‌డీ రకం డిస్కులను పైపైన చెరిపివేస్తే డేటా పూర్తిగా పోదు. ఎన్‌క్రిప్షన్ తాళాన్ని నాశనం చేయాలి, లేదా డిస్కునే ముక్కలు చేయాలి. "మొత్తం డిలీట్ చేశాం" అన్న లేఖను నేనే ఎన్నోసార్లు టైపు చేశాను. ఆ లేఖ రాసినప్పుడు మా బ్యాకప్ సర్వరు గురించి ఎవరూ ఆలోచించేవారు కాదు.

ప్రమాదం జరిగితే ఎవరు ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నది ముందే రాసుకోవాలి. సైబరు ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబరు ఘటన తెలిసిన ఆరు గంటలలో సెర్ట్-ఇన్‌కు నివేదించాలి, లాగులను (కంప్యూటర్లలో ఎవరు ఎప్పుడు ఏమి చేశారో నమోదయ్యే చిట్టాలను) 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి. ఈ ఆదేశాలు ప్రభుత్వ కార్యాలయాలకూ వర్తిస్తాయి. ఆరు గంటలంటే, శనివారం రాత్రి సంస్థ ఇంజనీరుకు తెలిసిన సంగతి సోమవారం మీ సెక్షనుకు లేఖగా చేరితే కాలం ఎప్పుడో మించిపోయినట్లే. సెలవు రోజున కూడా ఫోనెత్తే ఇద్దరి పేర్లు రెండు వైపులా ఉండాలి.

మా వైపు ఫిర్యాదు కూడా ఒకటి వినండి. మాకు వచ్చిన అతి సున్నితమైన జాబితాలలో సగం వాట్సాప్‌లోనో, అధికారుల సొంత జీమెయిల్ నుంచో వచ్చినవే. ఫైలుకు పాస్‌వర్డు పెట్టి, అదే మెయిలులో కింద ఆ పాస్‌వర్డు రాసి పంపేవారు.

జవాబు: ఒక దర్యాప్తు అధికారి

పై సలహాలన్నీ మంచివే, కాని ఆచరణలో ఒక ఇబ్బంది ఉంది. నిందితుడు రిమాండులో ఉంటే, నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజులలో అభియోగపత్రం వేయకపోతే అతనికి బెయిలు హక్కు వస్తుంది. ఆలోగా వందల గంటల సీసీటీవీ దృశ్యాలు, ఫోను రికార్డింగులు చూడాలి. బయటి సహాయం వద్దనుకుంటే పని ముందుకు సాగదు. నేను చేసేది ఇది: అసలు డిస్కును కదిలించను, దాని నకలు తీసి, హ్యాష్ సరిచూసి, అందులో కావలసిన భాగాన్ని మాత్రమే ఇస్తాను. వీలైనచోట పేర్లకు బదులు "సాక్షి-3" అని రాసి ఇస్తాను, అసలు పేర్ల పట్టిక నా బీరువాలో ఉంటుంది. నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షను ఎలక్ట్రానిక్ పరికరం ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో ఆ క్రమాన్ని నివేదికలో రాయమంటున్నది, కనుక ప్రైవేటు నిపుణుడికి ఇచ్చిన గంట, తీసుకున్న గంట కూడా అందులో కనిపించాలి.

కార్యాలయం నుంచి కార్యాలయానికి పంపేటప్పుడు పాత పద్ధతే నాకు ఇప్పటికీ నచ్చుతుంది: కవరులో కవరు. లోపలి దాని మీద "రహస్యం" అని, ఎవరు తెరవాలో వారి హోదా రాసి లక్క ముద్ర. బయటి కవరు మీద చిరునామా తప్ప మరే గుర్తూ ఉండదు. బయటే "అతి రహస్యం" అని ఎర్ర సిరాతో రాసి తపాలు సెక్షనులో పడేసేవారిని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ప్రశ్న అడిగినవారి సమాధానం: లక్డీకాపూల్ పర్యవేక్షకుడు

అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం రోజులలో జరిగినది చెబుతాను.

మీ మాటల ఆధారంగా నోట్ పెట్టాను, పై అధికారి ఆమోదించారు. గోదాముకు వెళ్లిన 60 ఫైళ్లను మా సెక్షను వారు ఇద్దరు వెళ్లి, అక్కడే పుటలు లెక్కపెట్టి, మా కార్యాలయ వాహనంలో తీసుకువచ్చారు. 57 ఫైళ్లు నోటు ఫైలులోని ప్రస్తావనలతో సరిపోయాయి. రెండింటిలో పుటలు తారుమారయ్యాయి, సరిచేశాము. ఒక ఫైలులో నోట్‌లో పేర్కొన్న ఒక అనుబంధం లేదు. అది వెళ్లేటప్పుడే లేదా, అక్కడ పోయిందా అన్నది చెప్పలేకపోతున్నాము. విశ్రాంత ఉద్యోగి గారు 2014 గురించి రాసినదే మా అనుభవం కూడా అయింది. దాని మరో ప్రతి కోసం జిల్లా కార్యాలయానికి రాశాము.

ఒప్పందానికి అనుబంధ పత్రం తయారవుతున్నది. మా భవనంలోనే పని, ఇంటర్నెట్ లేని యంత్రాలు, డిస్కు మా వద్దే ఉండిపోవడం, ఉపకాంట్రాక్టు నిషేధం, ఆన్‌లైను సేవల నిషేధం, సెలవు రోజుల ఫోను నంబర్లు అందులో ఉన్నాయి. సంస్థ ధర పెంచమని కోరింది, ఆ విషయం ఆర్థిక విభాగం పరిశీలనలో ఉంది. వేరుచేసే పని మొదలుపెడితే, నేను ఊహించిన దానికన్నా ఎక్కువగా, ఇప్పటికి 170కి పైగా ఫైళ్లు "బయటివారికి ఇవ్వరాదు" అన్న వైపు చేరాయి. వాటిలో కొన్నింటిని ముగిసినవిగా భావించి ఏళ్లుగా తెరిచిన బీరువాలో ఉంచారు.

టైపిస్టు గారిని అడిగాను. సగం చెవితో విని చేశారట, మిగతా సగం ఆలస్యమవుతున్నదని ఫోనులోని ఒక ఉచిత యాప్‌లో పెట్టారట. ఆ యాప్ పేరు, ఖాతా వివరాలు, పెట్టిన తేదీలు రాయించుకుని సంతకం తీసుకున్నాను. ఖాతాలోని ఆడియోను వెంటనే తొలగించమని చెబుదామనుకుని ఆగాను. దానిని తొలగించే ముందు ఏమేమి ఎక్కిందో నమోదు చేయాలా, మా శాఖ నుంచి ఎవరికైనా నివేదించాలా? మాదాపూర్ మిత్రులు గాని న్యాయవాది గారు గాని చెబితే, రేపు ఉదయమే రెండవ నోట్ పెడతాను.

జవాబు: మాదాపూర్ సాంకేతికుడు

ఆగడం మంచిదైంది. ముందు ఆయన సమక్షంలోనే ఖాతా తెరిపించి, ఎక్కిన ఫైళ్ల జాబితా, తేదీలు, ఎవరితోనైనా పంచుకున్నారా అన్నది స్క్రీను చిత్రాలుగా తీసుకుని ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించండి. ఆ తరువాతే తొలగించండి, తొలగించిన తెరను కూడా చిత్రంగా తీయండి. యాప్ వారికి డేటా చెరిపివేత కోరుతూ మెయిలు పంపండి, అది మీ కార్యాలయ అధికారిక మెయిలు నుంచే వెళ్లాలి. నివేదించే విషయం మీ శాఖ సమాచార భద్రతా అధికారి తేల్చాలి; ఆయనకు మాత్రం రేపటి దాకా ఆగకుండా, ఇప్పుడే ఫోను చేయండి.